ఈగల కోసం పాముల సంత

వీరాంజనేయులు గారి నోట నిజం వినాలంటే మజ్జిగ చిలికి వెన్న తీసినంత ఓపిక కావాలని ఇర్వింగ్ ఊళ్ళో ఉన్న మనవాళ్ళందరికీ తెలుసు. అయినా శనివారం సాయంత్రమైతే చాలు, ఆయన గరాజ్‌లో మడత కుర్చీలు నిండిపోతాయి. ఆ శనివారం రాగిణి మాత్రం కాలక్షేపానికి రాలేదు. ఆమె పెంచుకుంటున్న కప్పపిల్లలకి తిండి లేదు.

డార్ట్ ఫ్రాగ్స్ అంటే నీలం రంగులో మెరిసిపోయే బుల్లి కప్పలు. ఉద్యోగం పోయి, వీసా గడువు లెక్కపెట్టుకుంటూ నిద్రపట్టని రోజుల్లో రాగిణి ఆ అద్దాల తొట్టి ముందు కూర్చునే కాస్త ఊపిరి తీసుకునేది. ఉద్యోగం మళ్ళీ దొరికింది, కప్పలు గుడ్లు పెట్టాయి, తోకలూడిన పిల్లలు నీళ్ళలోంచి గట్టెక్కాయి. వేలిగోరంత ప్రాణాలు. వాటి నోట్లో పట్టేవి రెక్కల్లేని పండు ఈగలే. ఆ ఈగల్ని డబ్బాల్లో, పులిసిన ముద్ద వేసి పెంచుకోవాలి. ఆమె భర్త తేజేశ్వర్ చుట్టాలొస్తున్నారని వంటిల్లు సర్దుతూ, దోసెల పిండి పాడైపోయి ఈగలు పట్టిందనుకుని అన్నీ పారబోశాడు. పైగా డబ్బాలు తళతళా తోమి బోర్లించాడు!

ఇక మిగిలినవి రెండే దారులు. రేపు ఆర్లింగ్టన్‌లో రెప్టైల్ షో ఉంది. అది పాములవాళ్ళ సంత, కప్పలవాళ్ళకి దండగ అని అందరూ అంటారు. లేదంటే నాలుగు గంటల దూరంలో హ్యూస్టన్‌లో ఒకాయన, రేపు పొద్దున్నే వచ్చి తీసుకెళ్ళేట్టయితే ఈగలు ఇస్తానన్నాడు. ఉన్నది ఒకటే కారు. ఎంచుకున్నది తప్పయితే పిల్లలు దక్కవు.

"బాబాయ్ గారూ, మీరు పోయినేడు మీ కప్పల కోసం ఆ షో నుంచే ఈగలు తెచ్చారట కదా. రేపు వెళ్ళమంటారా?"

"వెళ్ళమంటారా ఏంటమ్మాయ్!" వీరాంజనేయులు గారు మీసం సవరించుకున్నారు. "ఆ జనంలోకి ఒంటిగా దూరి ఈగల డబ్బా పట్టుకొచ్చినవాణ్ణి నేను. లోపల అడుగు పెట్టానో లేదో, ఈ గరాజంత పొడుగు కొండచిలువ, బల్ల మీద పడుకున్నదల్లా తలెత్తి నన్ను చూసింది. నేనూ చూశాను. అదే కళ్ళు దించుకుంది. దాని ఓనర్ నా కాళ్ళ మీద పడినంత పని చేశాడు, సార్, ఇది మా ఆవిడ మాట కూడా వినదు అని."

"తర్వాత?" తేజేశ్వర్ నవ్వు ఆపుకుంటున్నాడు.

"తర్వాత ఏమైందో తెలుసా? ఒక ఉడుము, దున్నపోతంత ఉంటుంది, తాడు తెంపుకుంది. జనం హాహాకారాలు. సెక్యూరిటీ వాడు టేబుల్ ఎక్కేశాడు. నేను తెలుగులోనే అన్నాను, కూర్చోవే అని. కూర్చుంది! అంతలో ఎక్కడో ఒక డార్ట్ ఫ్రాగ్ నన్ను గుర్తుపట్టి కూత పెట్టింది. ఆ కూతకి హాల్లో పాములన్నీ కచేరీలో పెద్దమనుషుల్లా తలలూపడం మొదలుపెట్టాయి."

"మరి ఈగలో, బాబాయ్ గారూ?" రాగిణి గొంతులో నవ్వు లేదు.

"అక్కడికే వస్తున్నా. డబ్బా తీసుకుని హైవే ఎక్కానా, ట్రాఫిక్ జామ్. ఇంట్లో కప్పలు ఆకలితో ఉన్నాయి. ఆ ఈగలకి నా మనసు అర్థమైంది. మూత తోసుకుని వచ్చి, అన్నీ కలిసి కారుని లేపాయి. పోలీసువాడు ఆపాడు కానీ, ఏ లేన్‌లో పోతున్నానో రాయడానికి వాడి టికెట్‌లో గడి లేక వదిలేశాడు."

"వాటికి రెక్కల్లేవు కదండీ!" అన్నాడు తేజేశ్వర్.

"అదేగా గొప్ప! రెక్కలుంటే ఎవడైనా ఎగురుతాడు."

అందరూ పొట్టలు పట్టుకున్నారు. రాగిణికి మాత్రం ఏడుపు వచ్చేలా ఉంది. "నిజం చెప్పండి బాబాయ్ గారూ. ఆ ఈగల టేబుల్ హాల్లో ఎక్కడుంది?"

"అదా... లోపలికి వెళ్ళగానే... అంటే, ఒక పక్కగా..."

ఆయన భార్య కృష్ణకుమారి గారు మిరపకాయ బజ్జీల పళ్ళెం బల్ల మీద పెట్టారు. "ఈయన్ని అడిగితే ఏం చెప్తారమ్మా? ఈయన లోపలికే రాలేదు. గుమ్మంలో ఒక అమ్మాయి మెళ్ళో పాము వేసుకుని నిలబడింది. అది చూసి వెనక్కి పరిగెత్తి, కార్లో కూర్చుని తలుపులు లాక్ చేసుకున్నారు. వెళ్ళింది నేను."

గరాజ్ దద్దరిల్లింది. వీరాంజనేయులు గారు తల దించుకుని గ్లాసులో టీ గబగబా తాగేశారు.

"మీకు కప్పలంటే అసహ్యం కదా పిన్నీ?" అంది రాగిణి.

"ఇప్పుడూ అంతే. కానీ ఈయన, ఇంత మీసం పెట్టుకుని, కప్పలు చచ్చిపోతాయని స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చారమ్మా. చూడలేకపోయాను. కళ్ళు సగం మూసుకుని ఆ పాముల మధ్య నడిచాను. రెస్ట్‌రూముల పక్కన, చిట్టచివర ఈగలు అమ్మే ఒక పెద్దావిడ ఉంది. అమ్మకానికి కప్ప ఒక్కటీ లేదు, ఈగలు కూడా అమ్ముడైపోయాయి. తన ఇంట్లో కప్పలకని దాచుకున్న డబ్బా ఒక్కటి మిగిలింది. నా మొహం చూసి అది తీసి చేతిలో పెట్టింది. ఆ తల్లి చల్లగా ఉండాలి. కప్పలు కొనడానికైతే ఆ షో దండగే. ఈగలకైతే వెళ్ళాలి. ఉండు, ఆవిడకి ఫోన్ చేస్తాను."

స్పీకర్‌లో ఆ పెద్దావిడ గొంతు వినిపించింది. రేపు వస్తోందట, రాగిణి కోసం రెండు డబ్బాలు విడిగా పెడుతుందట. రాగిణి కళ్ళు తుడుచుకుంటూ థాంక్స్ మీద థాంక్స్ చెప్పింది. హ్యూస్టన్ ఆయనకి మెసేజ్ పెట్టేసింది.

వీరాంజనేయులు గారు అప్పుడు తలెత్తారు. "దీనికి గోడ మీద బల్లిని చూస్తేనే వణుకమ్మాయ్. అలాంటిది నాకోసం..." అందరూ నవ్వడం మానేశారు.

"చాల్లెండి," అన్నారు కృష్ణకుమారి గారు, ఆయన గ్లాసులో ఇంకాస్త టీ పోస్తూ. తర్వాత రాగిణి వైపు తిరిగారు. "రేపు నీతో నేనూ వస్తాను. ఈసారి కళ్ళు పూర్తిగా మూసుకుంటాను, నువ్వు చెయ్యి పట్టుకుని నడిపించు."

రాగిణి ఆ చెయ్యి అప్పుడే పట్టుకుంది.