కొలబద్ద దెబ్బ

వడ్రంగి కొట్లో చెక్కపొట్టు మీద కూర్చుని కొడుకు తను రాసిన కథను తండ్రికి చదివి వినిపించడం ముగించాడు. చిన్నప్పుడు తండ్రి తనను గొడ్డును బాదినట్టు బాదిన కథ అది. అసలలా జరగనే లేదని తండ్రి ఇన్నేళ్లూ బుకాయిస్తూ వచ్చాడు.

"తప్పు రాశావురా."

"ఇప్పుడు కూడా కొట్టలేదనే అంటావా నాన్నా?"

"బెత్తమని రాశావు. మన కొట్లో బెత్తమెక్కడిది? టేకు కొలబద్దతో కొట్టాను. అది రెండు ముక్కలైంది."

కొడుకు కాగితాలు పక్కన పెట్టాడు.

"ఎందుకు కొట్టావు?"

"బేరం కుదిరిన తలుపు చెక్క నిండా పెన్సిలుతో కథ గిలికావు. చదివి, అక్షరం మిగలకుండా చిత్రిక పట్టేశాను."

"చదివావా! ఎలా ఉంది?"

"బాగుందిరా. అందుకే ఒళ్లు మండింది. నీ చేతికి ఇక ఉలి అంటదని ఆ రోజే తెలిసిపోయింది."