నీసు ఊరు

(న్యూజెర్సీలో ఒక ఇల్లు, 1985 మార్చి. జానకీదేవి మంచం మీద కూర్చుని ఉంది. కోడలు హైమ ఆ మంచం చివర బట్టలు మడతపెడుతోంది.)

"అన్నీ సర్దేస్తున్నావ్. అయితే ప్రయాణం ఖాయమన్నమాట."

"ప్రయాణం లేదు అత్తయ్యా. డ్రయర్‌లోంచి తీసిన బట్టలు, మడతపెడుతున్నాను."

"నా దగ్గర దాపరికం ఎందుకే హైమా? రాజగోపాల్ చెప్పాడులే. వాడికేదో కాన్ఫరెన్స్ అట, నువ్వూ వెళ్తున్నావట. ఏదో ఊరు. సముద్రం ఒడ్డునట."

"నీస్."

"ఏమిటీ?"

"నీస్ అత్తయ్యా, ఊరి పేరు. ఫ్రాన్స్‌లో."

"ఛీ ఛీ, పోయిపోయి నీసు ఊరా? మనకి ఇంటా వంటా లేదు కదే. పేరు మార్చుకోమను వాళ్ళని."

"అలాగే, చెప్తాను."

"నవ్వుతావేం? ఇంతకీ ఎలా ఉంటుందట?"

"బావుంటుంది. పొద్దున్నించీ ఎండే. సముద్రం ఇంకు పోసినట్టు నీలంగా ఉంటుంది. ఒడ్డున ఇసక ఉండదు, అన్నీ గులకరాళ్ళే. చెప్పుల్లేకుండా నడవలేం."

"చూసొచ్చినట్టే చెప్తున్నావే."

"మధ్యాహ్నం మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నాలే. మరి నా దగ్గరెవరుంటారు?"

"నేనుంటాను."

"నువ్వు నీసు ఊరు పోతావు కదా."

"పోను. ఇక్కడే ఉంటాను. ఎక్కడికీ వెళ్ళను."

"మొన్న కార్లో కూడా ఇలాగే అన్నావ్. ఊరికే చూసొచ్చేద్దాం అత్తయ్యా అన్నావ్. తీరా చూస్తే అంత పెద్ద హాలు. గోడ పొడుగునా కుర్చీల్లో ముసలాళ్ళు. అందరూ టీవీ వైపే తిరిగున్నారు, ఒక్కళ్ళూ చూట్టంలేదు."

"ఇప్పుడదంతా ఎందుకు అత్తయ్యా..."

"నన్నక్కడ పెట్టకే. నీకు దణ్ణం పెడతాను. మీరు వెళ్ళండి, నేను వద్దంటానా? చిన్నవాళ్ళు. నన్ను ఆ ఉషా వాళ్ళింట్లో ఉంచండి. ఓ మూల పడుంటాను."

"ఉషా వాళ్ళకి కుదర్లేదు. చాలామందిని అడిగాం అత్తయ్యా, ఎవరికీ కుదర్లేదు."

"పోనీ ఇక్కడే తాళం వేసేసి పొండి. ఇంత అన్నం, పెరుగు పెట్టి పొండి."

"అలా మాట్లాడకండి. మీకు దణ్ణం పెడతాను."

"మరి వెళ్తున్నారా, లేదా?"

"లేదు."

"ఏ ఊరన్నావ్?"

"నీస్."

"ఛీ, నీసు ఊరేమిటే. మనకి ఇంటా వంటా లేదు కదా."

"లేదు అత్తయ్యా."

"అక్కడా అదే పెట్టారు."

"ఎక్కడ?"

"ఆ హాల్లో. పళ్ళెంలో. చేప."

"చేపా? వెజిటేరియన్ అని మరీ మరీ చెప్పాం కదా వాళ్ళకి."

"ఆ పళ్ళెం తెచ్చిన పిల్లనేం అనకు, మంచి పిల్ల. నో మీట్, ఫిష్, ఫిష్ అని బుజ్జగించింది. వాళ్ళకి చేప లెక్కలోది కాదు కాబోలు. నేను నో నో అంటూనే ఉన్నా. నవ్వేసి ఒళ్ళో గుడ్డ పరిచింది."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు లేవు కదా."

"తరవాతైనా... సరే. మరి ఏం తిన్నారు, అన్నాళ్ళూ?"

"బ్రెడ్డు. నీళ్ళలో ముంచుకుని."

"ఒట్టి బ్రెడ్డేనా?"

"మొదట్లో."

"మొదట్లో అంటే?"

"ఆకలి పాడుది హైమా. తినేశాను. వాడికి చెప్పకు."

"చెప్పను."

"ఒట్టు?"

"ఒట్టు. ఆయనకి చెప్పను."

"అందుకే దేవుడి దగ్గరికి పోవట్లేదు. నువ్వేమో రోజూ అడుగుతావు, దీపం పెట్టరేం అత్తయ్యా అని. ఏ చేత్తో పెట్టను?"

"అత్తయ్యా, ఇటు చూడండి. నా మొహం చూడండి. మేం ఆ ఊరు వెళ్ళొచ్చేశాం. పోయిన సెప్టెంబర్‌లోనే. మీరు ఆ ముసలాళ్ళ హోమ్‌లో ఉండటమూ అయిపోయింది. మిమ్మల్ని తీసుకొచ్చేశాం. ఇది మనిల్లు. ఇది మీ గది, అదిగో మీ చీరలు. రోజూ ఇదే చెప్తున్నాను. ఎలా చెప్తే మీ మనసుకి పడుతుందో నాకు తెలియట్లేదు. నా వల్ల కావట్లేదు అత్తయ్యా."

"ఏడవకే. వచ్చేశారా?"

"వచ్చేశాం."

"వాడు కూడానా?"

"ఆయనా వచ్చారు. ఆఫీస్‌కెళ్ళారు."

"హమ్మయ్య. వస్తారని నాకు తెలుసు. ఆ పిల్లకీ అదే చెప్పాను, మా వాళ్ళొస్తారు అని. పద మరి, వాళ్ళు పళ్ళెం తెచ్చేలోపు ఇంటికి వెళ్ళిపోదాం."