ఎండకు పెట్టిన ఫిడేలు

తిట్టుండ్రి సారూ. గంటసేపటి సంది గట్లనే కూసున్నరు. తిట్టుండ్రి, లేకుంటె పో అనుండ్రి, రెండిట్ల ఏదన్న ఒకటి. పొద్దున మీ ఆఫీసు ఉమాశ్రీ మేడం ఇంగ్లీషుల ఎంతసేపు తిట్టిందో, ఒక్క ముక్క సమజ్ కాలే నాకు, అయినా పానం జర నిమ్మళమైంది. మీరేమో నోరే తెరుస్తలేరు. ఒళ్ళె ఆ ఫిడేలు రికార్డు పెట్టుకొని దాని దిక్కే చూస్తున్నరు.

ఊడ్వనీకి రాలే సారూ. చేతుల చీపురు లేదు, బకెటు లేదు. అడగకుండ తలుపు తీసుకొని వచ్చిన, తప్పే. గాని లింగమూర్తన్నను తీసేస్తున్నరంట గదా. రేపు కాంట్రాక్టరు వచ్చి కాయితం మీద సంతకం తీసుకుంటడంట. మీరొక్క మాటంటె ఆ కాయితం ఆగుతది. గా మాట అడగనీకి వచ్చిన.

ఆయనెవరా? అయ్యో, మా సూపర్‌వైజరు సారూ. ఈ నాలుగంతస్తుల తాళాలు నడుముకు కట్టుకొని తిరుగుతడు చూడుండ్రి, ఆయన. అగో, ఆ గుండ్రంగున్న పెద్ద బిల్డింగుకు పునాది తవ్వినప్పటి సంది ఈ గుట్టలల్లనే ఉన్నడు. నాకీ నౌకరి పెట్టిచ్చిందే ఆయన. మా పక్కూరాయన. మా ఇంటాయనకు కూలి దొరికిననాడు దొరుకుతది, దొరకనినాడు లేదు. నా నౌకరి మీదనే మా ఇల్లు నడుస్తది. గది ఎర్కుండే పెట్టిచ్చిండు.

ఆయన తప్పేమున్నది చెప్పుండ్రి? మీ డబ్బల పదకొండు రికార్డులు కడిగిందెవరు? నేను. డాబా మీద పరిచిందెవరు? నేను. ఆయన నోటితోటి చెప్పిండు, గంతే. చెప్పినోని నౌకరి పోవుడేంది, చేసినదాని నౌకరి ఉండుడేంది?

ఆఁ, చెప్పిండు సారూ. శనారం పొద్దున చెప్పిండు. సోమారం బయటిదేశపోళ్ళు వస్తున్నరు, ఆ రెండువేల సంవత్సరం పని చూడనీకి, రెండు సున్నాలు వస్తె కంప్యూటర్లు పరేషాన్ అయితయంట గదా, గా పని. సారు రూంల దుమ్ము కనబడొద్దు యాదమ్మా, మూలకున్న డబ్బ గూడ చూసుకో అన్నడు. డబ్బ అంటె దాని లోపలున్నయి గూడ గదా? తీసి చూస్తె వాటి మీద వేలు పెట్టినకాడల్లా ముద్ర పడ్డది.

పినాయిలు పెట్టిన్ననుకుంటున్నరా? పాగల్‌దాన్నా నేను? సర్ఫు గూడ ముట్టలే. కుంకుడుకాయ రసం సారూ. పట్టుచీరకు పెడతం, పుస్తెలతాడుకు పెడతం, గంతకన్న మెత్తటిది ఇంకేమున్నది? చాయ్ పెట్టే పాంట్రీల గోరువెచ్చటి నీళ్ళు పట్టిన. నడుమ కాయితం బిళ్ళ తడవకుండ ఎడమచెయ్యి అడ్డం పెట్టిన. గీతలు ఎటు తిరిగినయో చెయ్యి గూడ అటే తిప్పుకుంట, పసిపిల్ల తల కడిగినట్టు కడిగిన. కాయలు గూడ ముందురోజే ఇంటికాడ దంచి, నానబెట్టి, సీసల పోసుకొని తెచ్చిన.

ఏంది సారూ, గట్ల చూస్తున్నరు?

శనారం చెప్పిన పనికి శుక్రారమే కాయలెట్ల దంచిన అనా? చెప్త. అన్నీ చెప్పనీకే వచ్చిన. ముందుగాల ఎండ సంగతి చెప్పనీయుండ్రి.

మాకు ఏది కడిగినా ఎండల పెట్టుడే ఎర్క సారూ. బిందెలు కడిగితె ఎండల, పరుపు తడిస్తె ఎండల, బియ్యం పురుగు పడితె ఎండల. ఎండ తగిలితెనే దాని మైల పోయినట్టు. ఇది మా అమ్మ నేర్పింది గాదు, నేర్పనవసరమే లేదు, మా దిక్కు పుట్టినోళ్ళందరికీ వచ్చేదే. డాబా మీద పాత దుప్పటి పరిచి, ఒక్కొక్కటి దూరం దూరం పెట్టిన. అట్టలు మాత్రం నీళ్ళట్యాంకి పక్కన నీడకు పెట్టిన, రంగు ఎలుస్తదని. చూసిండ్రా? కాయితానికి ఎండ తగలొద్దన్న తెలివి ఉండె నాకు. గింత మందంగ, గింత నల్లగ, ఇనుప మూతల లెక్క ఉన్నయి, వీటికి ఎండ పడదని నాకెట్ల ఎర్క?

నాకు సదువు రాదు గదా, ఏది ఏ అట్టలదో మర్చిపోవద్దని అట్టల మీదున్న ఫిడేలాయన మొకాలు చూసి వరుస పెట్టుకున్న. పదకొండిటి మీద ఆయనే. మొదటిదాని మీద మీసం గూడ సరిగ రాని పోరడు, గదుమ కింద ఫిడేలు. ఆఖరిదాని మీద తల పండి, కండ్లు మూసుకొని, చేతుల మీద నరాలు తేలి. ఇద్దరూ ఒక్కడే అని చెవులను బట్టి పోల్చుకున్న, చెవులు పెద్దయి ఆయనకు. ఒక్క మనిషి జిందగీ అంత దుప్పటి మీద పరిచి కిందికి దిగిన. మూడో అంతస్తుల బాత్రూములు కడగాలె గదా.

రెండు గంటలకు పైకి పోయి చూస్తె, ఏం చెప్పాలె సారూ. నూనెల వేసిన అప్పడాల లెక్క అంచులు లేసినయి. చేతులకు తీసుకుంటె మెత్తగ వంగుతున్నయి. అట్టలల్ల పెట్టి, జిరాక్సు కాయితాల కట్టలు మోసుకొచ్చి మీద పేర్చిన, సదునైతయని. ఆదివారం అంత అన్నం ముద్ద దిగలే.

ఇగ ఈ పొద్దటి సంగతి మీకెర్కే. వచ్చిన దొరలకు వినిపిస్తమని మీరు ముచ్చట పడి తీసిండ్రు. నేను మీ రూం అద్దం అవతల చాయ్ కప్పులు పట్టుకొని నిలబడ్డ. మిషన్ మీద వేసి ముల్లు పెట్టంగనే అది పైకి లేసి కిందికి పడుడు, పైకి లేసి కిందికి పడుడు. రెండు గీతలు గూడ నడవలే, ముల్లు ఎగిరి పక్కకు పడ్డది. ఆ దొర నవ్విండు. మీరు గూడ నవ్విండ్రు సారూ. గా నవ్వు చూసినంక నాకు తిట్టిచ్చుకోవాలనిపిచ్చింది.

తర్వాత ఉమాశ్రీ మేడం మా అందరినీ కింద వరుసకు నిలబెట్టింది. తిట్టుడంత అయినంక తెలుగుల అడిగింది, ఎవరు కడగమన్నరు అని. నా నోట్లెకెల్లి లింగమూర్తన్న పేరు వచ్చింది. ఆయన నా దిక్కు ఒక్కపారి చూసిండు. తల దించుకున్నడు. మేడం మళ్ళ అడిగింది, నిజమేనా అని.

"అవును మేడం. నేనే చెప్పిన."

గంతే అన్నడు. నడుముకున్న తాళాలు తీసి బల్ల మీద పెట్టిండు, కొక్కేనికున్న టిఫిను తీసుకొని పోయిండు. గేటుదాక ఉరికిన నేను. అన్నా అన్నా అని పిలిచిన. ఎనక్కు చూడలే. ఒక్క మాట తిట్టచ్చు గదా సారూ, చెంప మీద ఒక్కటి కొట్టచ్చు గదా? ఆయన గంతే, మీరు గంతే. ఈ మొగోళ్ళందరికీ ఏమొచ్చిందో, నోర్లు కుట్టుకొని మమ్మల్ని సంపుతరు.

ఆయన చెప్పలే సారూ.

ఇగో, అనేసిన. ఆయన చెప్పలే. ఆయన చెప్పింది ఉల్టా. యాదమ్మా, రూమంత తుడువు గాని సారు డబ్బ మాత్రం ముట్టకు, ఆయన పానమంత అండ్లనే ఉన్నది అన్నడు. ఒకపారి గాదు, రెండుపార్లు చెప్పిండు. నేను తలూపిన. తలూపేటప్పటికే నా సంచిల కుంకుళ్ళ సీస ఉన్నది.

దుమ్ము కోసం గాదు సారూ. దొరలు వస్తె నాకేంది, రాకుంటె నాకేంది?

సాయంత్రం ఆరు కొట్టంగనే మీరు ముల్లు పెడ్తరు గదా. గదే టైముకు నేను ఈ అద్దం తుడుస్త. ఆర్నెల్ల సంది గదే టైముకు. గింత అద్దానికి ముప్పావుగంటేంది యాదమ్మా అని లింగమూర్తన్న నవ్వుతుండె. కన్సర్టో అంటరంట, పోరగాళ్ళు అనుకుంటుంటె ఇన్న. మొదలు వాయించే మందంత ఒక్కపారి లేస్తరు, ఒకటే లొల్లి, గది నాకు పట్టదు. తర్వాత అందరు సల్లబడ్తరు. ఆ ఫిడేలాయన ఒక్కడే మిగుల్తడు. అది ఏడుపు గాదు సారూ, ఏడుపైతె నాకెర్కే. ఏదో అడుగుతున్నట్టుంటది. నిమ్మళంగ అడుగుతడు, ఇంకోతీరుగ అడుగుతడు, ఇగ ఇప్పుడు తేలుతది అనుకునేటాలకు టక్, టక్, టక్. మళ్ళ అదే ముక్క. మీరు ముల్లు తీసి ముందటికి పెడితె గూడ జారి గాడికే వస్తది. ఇగ మీరు లేసి మిషన్ బంద్ చేస్తరు, నేను బట్ట పిండుకుంట.

బస్సుల పోతున్నా గాడికే వచ్చి ఆగుతది, కూర వండుతున్నా గాడికే వచ్చి ఆగుతది. పరేషాన్ చేసింది నన్ను. ఆ తర్వాత ఏమున్నదో ఒక్కపారి ఇనాలె. గంతే నా ఆశ. మన్ను పడి ఉంటది, కడిగితె పోతది అనుకున్న. గందుకే కాయలు దంచిన. మిగిలిన పది గూడ ఎందుకు కడిగిన్నంటె, ఒక్కటే కడిగితె ఎవరన్న అడుగుతరని.

అసలు సంగతి ఇనుండ్రి సారూ. మన్ను గాదది. మైనం. మైనపుబొట్టు. ఎప్పుడో కరెంటు పోయినప్పుడు ఎవరో కొవ్వొత్తి పట్టుకొని చూసిండ్రేమో. కాయితం బిళ్ళకు రెండు వేళ్ళ దూరంల, నల్లటి మసి పట్టి రికార్డులనే కలిసిపోయింది. మీరేమో రెండు చేతులతోటి అంచులు పట్టుకుంటరు, నడుమ వేలు తాకనీయరు, ఇగ ఎట్ల దొరుకుతది? గోరువెచ్చటి నీళ్ళకు మెత్తబడ్డది. గోరుతోటి మెల్లగ అన్న. ఊడొచ్చింది. కింద గీతలు ఒక్కటి గూడ చెడలే, సన్నగ, సక్కగ మెరుస్తున్నయి. నేను నవ్విన సారూ, సింకు కాడ ఒక్కదాన్నే నిలబడి నవ్విన.

అవును, మీ ఒళ్ళె ఉన్నదే. గా రికార్డే.

ఇంకోటి ఏడ దొరకదంట గదా, సీడీల గూడ రాలేదంట. సరే, పోయింది పోయింది. ఒక్కటి మాత్రం చెప్పుండ్రి, ఇని పోత. ఆ టక్ టక్ తర్వాత ఎట్లుంటది? మీరు కొత్తగ కొన్ననాడు ఇని ఉంటరు గదా. జర నోటితోటన్న అనుండ్రి. నాకు గది చాలు.

తల ఎందుకు అడ్డం ఊపుతున్నరు?

మీరూ ఇన్లేదా? కొన్ననాటి సంది గంతేనా? ఆదివారం ఆబిడ్స్‌ల ఫుట్‌పాత్ మీద పాతది కొన్నరా? ఎన్నేండ్లాయె?

పదిహేడేండ్లు. పదిహేడేండ్లు మీరు గాడికి వచ్చి లేసి బంద్ చేస్తనే ఉన్నరు. నేనేమో ఒక్క గోరుతోటి తీసిన, ఒక్క పూటల ఖరాబు చేసిన. ఇగ మీకూ లేదు, నాకూ లేదు.

రేపు ఆ కాయితం మీద నా పేరు రాయుండ్రి సారూ. సంతకం రాదు, ఏలిముద్ర వేస్త. మొదటినాడు నన్ను యాదమ్మగారూ అని పిలిచిండ్రు మీరు, నాకు నవ్వొచ్చింది, నన్నెవరూ గట్ల పిలవలే. గా మర్యాద కోసమన్న లింగమూర్తన్నకు తాళాలు మళ్ళ ఇప్పియ్యుండ్రి. గీ నౌకరి పోతె ఇంకోకాడ ఊడుస్త. ఊడ్చే జాగలు ఈ గుట్టలల్ల రోజుకొకటి లేస్తున్నయి.

తలుపు దగ్గరకేసి పోతున్న. గాని ఒక్కటి చెప్పకుంటె నా పానం ఊకోదు. పదకొండిట్ల మూడు మంచిగనే ఉన్నయి, చూసుకోండ్రి. నీళ్ళట్యాంకి నీడ పడ్డది వాటి మీద. మీ ఒళ్ళె ఉన్న ఇది గూడ ముందు గాడనే ఉండె సారూ, ఆ నీడలనే. జల్ది ఆరాలె, అందరికన్న ముందు ఇదే ఆరాలె అని నేనే తీసుకపోయి దుప్పటి నడుమ పెట్టిన. అన్నిటికన్న మంచి ఎండ దీనికే చూసి పెట్టిన.