ఒక టిక్కు అంటే అవును

...అదే మా ఆవిడ గోల, తమ్ముడూ! పొద్దుట్నుంచీ ఒకటే పోరు. "తిండి తినే బల్ల మీద ట్రాక్టరు బ్యాటరీ ఏంటండీ, అదీ నా పూలగుడ్డ మీద!" అని.

మరి ఏం చెయ్యను చెప్పు? ఈ మంచు తుఫానుకి కరెంటు తెల్లారకముందే పోయింది. ఫోను చచ్చింది. కారు షెడ్డు మీద చెట్టు పడి తలుపు మూసుకుపోయింది. ఇంట్లో మిగిలిన ప్రాణం ఈ ట్రాక్టరు బ్యాటరీ ఒక్కటే. దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చి ఈ రేడియోకి తగిలించా. తగిలించబట్టే కదా నీ టిక్కు నా చెవిన పడింది?

ఆఁ, మీట వదుల్తున్నా. కొట్టు. ఒక టిక్కు అంటే అవును, రెండంటే కాదు. గుర్తుందా?

అదీ! ఒకటి. బంగారంలా వినపడింది.

నీ లారీ రేడియో మైకుకి గొంతు పోయింది గానీ మీట బాగానే ఉంది, అదే పదివేలు. నీ వంతు మాటలు కూడా నేనే మాట్లాడతాలే. నాకది కష్టం కాదు. ఈ చుట్టుపక్కల రేడియో ఉన్న ఏ లారీవాణ్ణి అడిగినా చెప్తాడు, "రేకుడబ్బా" అంటే నేనే. అసలు పేరు వెండెల్. డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంటుందట నా మాట. ఆ పేరు పెట్టింది ఎవరో కాదు, మా ఆర్డిసే. కట్టుకున్న పెళ్ళాం!

సరే, పనిలోకి వద్దాం. ఇంజను ఆపేశావా?

...రెండా? ఇంకా నడుస్తోందా? ఆపెయ్, ఆపెయ్ తమ్ముడూ! వెనక పొగగొట్టం మంచులో కూరుకుపోయి ఉంటుంది, ఆ పొగ నీ మీదకే వస్తుంది. చలితోనైతే పోరాడొచ్చు, ఆ పొగ చెప్పకుండా ప్రాణం తీసుకుపోతుంది. ఆపి, గాలి తగలని పక్క అద్దం రెండు వేళ్ళు దించు. ఆపావా?

ఒకటి. హమ్మయ్య.

నువ్వేం కంగారు పడకు. జిల్లావాళ్ళ మంచు ఊడ్చే బండి బయల్దేరింది. తోలేవాడు డెల్బర్ట్, మనవాడే. ఈ రేడియోనే పక్క నంబరుకి తిప్పి ఇప్పుడే మాట్లాడా. వాడు రావాలంటే నువ్వెక్కడున్నావో నాకు తెలియాలి కదా? ఊళ్ళోంచే కదా వచ్చావు? ఒకటి. మంచిది. కార్లలో కూర్చుని సినిమా చూస్తారే, ఆ మైదానం తెర దాటావా? పెద్ద తెల్ల తెర. పోయిన వేసవి నుంచి చలికాలం ముంగిట దాకా ఒకటే బొమ్మ ఆడించారు, చుక్కల్లో యుద్ధం అంటూ. మా మేనల్లుడు తొమ్మిదిసార్లు చూశాడు. టికెట్టు డబ్బులు దాచుంటే వాడికి ఈపాటికి చలికోటు వచ్చేది.

దాటావా? ఒకటి. ధాన్యం గాదె వచ్చిందా, పొడుగ్గా గోపురంలా ఉంటుందే? రెండు. రాలేదు. అయితే ఆ రెండిటి మధ్య. టర్కీ కోళ్ళ షెడ్లు కనపడ్డాయా? పోనీ, కనపడకపోయినా కంపు తగిలిందా?

ఒకటి! చూశావా, కంపు కూడా ఒకందుకు పనికొచ్చింది. అవి హోస్టెట్లర్ వాళ్ళ షెడ్లు. మా కంచె చివరే. నాకు తెలుసు ఆ మలుపు, అక్కడ గోతిలోకి జారని బండి లేదు.

లారీలో ఏముంది? రొట్టెలా? రెండు. మాంసమా? రెండు. అంతేలే, మాంసం ధర చూశాక దాన్ని లారీలో కాదు, బ్యాంకు బండిలో పంపాలి. కాఫీనా?

ఒకటి!

ఆర్డిస్, విన్నావా? లారీ నిండా కాఫీ అంట!

నవ్వకు తమ్ముడూ, నీకు తెలీదు. పోయినేడు పౌను కాఫీ నాలుగు డాలర్లయితే ఈ ఇంట్లో యుద్ధం జరిగింది. చర్చి ఆడాళ్ళంతా కలిసి కాఫీ మానేద్దాం, అమ్మేవాళ్ళే దిగొస్తారు అన్నారు. మా ఆవిడ ముందు నిలబడి చెయ్యెత్తింది. అప్పట్నుంచీ మాడబెట్టిన బార్లీ నీళ్ళే! నేను తాగి, "భలే ఉందే" అనాలి. ఒకరోజు నోరు జారి "ఇది కాఫీ కాదు, గుర్రాన్ని కడిగిన నీళ్ళు" అన్నా. మూడ్రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు నువ్వేమో కాఫీ గుట్ట ముందు కూర్చుని చలికి వణుకుతున్నావు. ఎవరి రాత ఎలా ఉందో చూడు!

వణుకుతున్నావా ఇంకా? ఒకటి. మంచిదే. వణుకు ఉన్నంతసేపూ భయం లేదు. కాళ్ళు ఆడించు. చేతులు చంకల్లో పెట్టుకో.

డెల్బర్టా? చర్చి దాటాడంట.

...ఏంటి ఆర్డిస్, అలా చూస్తావు? నీ అల్లిక నువ్వు అల్లుకో.

ఏదో ఒకటి మాట్లాడుకుందాం, నిద్ర రానివ్వకు. పెట్టెలో రాయి పెట్టి అమ్మారు, గుర్తుందా? ఉత్త రాయి! నాలుగు డాలర్లు! పెంచుకోవాలంట దాన్ని. మా పొలంలో ఏటా దున్నినప్పుడల్లా రెండు బళ్ళ రాళ్ళు తేల్తాయి, నేను కోటీశ్వరుణ్ణి కావాల్సినవాణ్ణి కదా? కొన్నావా నువ్వు?

ఒకటి! కొన్నావా! అయ్యో రామా, నీలాంటివాళ్ళ వల్లే ఈ దేశం... సరే సరే, ఇవాళ నిన్నేం అనను.

ఆర్డిస్ అడగమంటోంది, పెళ్ళయిందా? ఒకటి. అయితే మీ ఆవిడ ఇంట్లో హడలిపోతూ ఉంటుంది.

రెండు? ఎందుకని? పుట్టింటికెళ్ళిందా? ...మళ్ళీ రెండు. పోయిందా, పాపం?

బాబోయ్, అంత గట్టిగా రెండు కొట్టావేంటి! మరి... ఏయ్ ఆర్డిస్, మైకు లాక్కుంటావేం? ఏం అడుగుతావు నువ్వు?

...

ఒకటి కొట్టావు. నువ్వు ఆడమనిషివా!

చూడు, పకపకా నవ్వుతోంది మా ఆవిడ. "ఇంతసేపూ తమ్ముడూ తమ్ముడూ అని ప్రాణం తీశారు, ఆమె నోట మాటుంటే మీకు అప్పుడే చీవాట్లు పడేవి" అంటోంది. ఏమనుకోకు చెల్లెమ్మా. లారీ అనగానే టోపీ, మీసం కళ్ళముందుకొచ్చాయి. వయసైపోయింది, బుర్ర పాత మోడలు.

పిల్లలున్నారా? ఒకటి. ఎంతమంది? ఎంతమందైతే అన్ని కొట్టు.

టిక్కు. టిక్కు... ఇద్దరా? ఆఁ, ఇంకోటి. ముగ్గురు.

ముగ్గురు, ఆర్డిస్.

ఏం లేదు చెల్లెమ్మా, ఒక గుక్క తాగుతున్నా. బార్లీ నీళ్ళే.

డెల్బర్ట్ వచ్చేస్తున్నాడు. వంతెన దగ్గరున్నాడు. గాలి కొంచెం ఆగితే చాలు, క్షణంలో నీ ముందుంటాడు. నువ్వు చెయ్యాల్సిందల్లా మెలకువగా ఉండటం. ఇంతకీ వణుకు ఉందా?

...

వణుకు ఉందా?

...రెండు. లేదా? చల్లగా అనిపించట్లేదా? నిద్ర వస్తోందా?

ఒకటి.

వద్దు! వద్దమ్మా, విను. పాటలు ఇష్టమా? పోయిన ఆగస్టులో, నడుం ఊపుతూ పాడేవాడే, ఆ పాటగాడు పోయినప్పుడు ఏడ్చావా? మా ఆవిడ రెండ్రోజులు పొయ్యి వెలిగించలేదు. నేను పోతే రొట్టె ముక్కన్నా మానుతుందో లేదో, నువ్వే అడుగు! ఏడ్చావా? కొట్టు.

కొట్టు చెల్లెమ్మా.

ఆర్డిస్, వినపడిందా నీకు? నాకు వినపళ్ళేదు. ఆ గాలి హోరు ఒకటి... కొట్టమ్మా! నీ ముగ్గురు పిల్లల్లో పెద్దాడు పిలుస్తున్నాడనుకో, కొట్టు! ఆర్డిస్, ఆ మూకుడు ఇటివ్వు. గరిటె ఇవ్వు. ఇదిగో, విను! లే! లే! లే!

...

టిక్కు.

వచ్చింది! వచ్చింది ఆర్డిస్! ఒక్కటే, దూరంగా, గడియారం లోపల్నుంచి కొట్టినట్టు. చాలు తల్లీ, చాలు.

ఇదిగో ఆర్డిస్, ఈ మూకుడు పట్టుకో.

ఏంటి? ...దీపమా? అవును, నేనూ చూస్తున్నా. రేడియో మీది చిన్న దీపం చెల్లెమ్మా. పొద్దున పచ్చగా నిమ్మపండులా ఉండేది. ఇప్పుడు ఆరిపోయే నిప్పురవ్వలా ఉంది. బ్యాటరీ దిగిపోతోంది.

ఆర్డిస్ అల్లిక కింద పెట్టేసింది. లేచి నా చలికోటు తెచ్చి కుర్చీ మీద వేసింది. దాని మీద టోపీ పెట్టింది. టోపీ మీద బ్యాటరీ బోల్టులు బిగించే రెంచి పెట్టింది.

నలభై ఏళ్ళ కాపురంలో ఆ మనిషి ఇంత గట్టిగా ఎప్పుడూ తిట్టలేదు నన్ను.

చెల్లెమ్మా, వింటున్నావా? ఒకటి. సరే. ఒక మాట చెప్పాలి. డెల్బర్ట్ రావట్లేదు.

వంతెన దగ్గరా లేడు, చర్చి దగ్గరా లేడు. పొద్దున్నే ఊడ్చే బళ్ళన్నిటినీ వెనక్కి పిలిచేశారు, ముందున్న అద్దమే కనపడట్లేదని. నీ మొదటి టిక్కు వినేసరికే నాకు తెలుసు. అబద్ధం చెప్పాను. ఆశ ఉంటే మెలకువగా ఉంటావని చెప్పా. అది సగమే నిజం.

మిగతా సగం కూడా చెప్పనీ. నాకు భయమేసింది. అరవై మూడేళ్ళవాణ్ణి. కిటికీలోంచి చూస్తే నా వాకిలే నాకు కనపట్లేదు. మంచు తోసే తొట్టి ఉంది ట్రాక్టరుకి, కంచె స్తంభాల వెంబడే వస్తే ఆ షెడ్లు నేను చేరగలను, చేరలేకనూ పోవచ్చు. ఇక్కడ వెచ్చగా కూర్చుని మాట్లాడుతూ ఉంటే ఏదో చేస్తున్నట్టే ఉంటుంది కదా? రేకుడబ్బాకి మోగడం తేలిక.

అసలు చిక్కు ఇదీ. ట్రాక్టరు కదలాలంటే ఈ బ్యాటరీ దానికి పెట్టాలి. పెడితే ఈ రేడియో చచ్చిపోతుంది. నా గొంతు ఉండదు. నువ్వు కొట్టినా వినేవాళ్ళుండరు. ఇంకాసేపు మాట్లాడామా, దీనికి ట్రాక్టరుని లేపే ఓపిక కూడా మిగలదు.

అందుకని నిన్నే అడుగుతున్నా. తీసెయ్యమంటావా? ఒకటంటే అవును. మీట వదిలేశా.

...

...

రెండు.

రెండు కొట్టావు.

తెలుసమ్మా. ఆ తెల్లటి చీకట్లో ఒక్కత్తివి. ఈ వాగుడు ఒక్కటే తోడు. నాకు ఇల్లు, పొయ్యి, పెళ్ళాం అన్నీ ఉన్నా నీ టిక్కు ఆగితే ఊపిరి ఆగింది, ఇక నీకెలా ఉంటుంది? వినపడింది. స్పష్టంగా వినపడింది. లెక్క తప్పలేదు, గాలీ కాదు.

అయినా తీసేస్తున్నాను.

అడిగి కూడా నీ మాట వినకుండా పోతున్నా, ఇంతకంటే దుర్మార్గుడు ఉంటాడా? తిట్టుకో. గట్టిగా, పైకి, నోరారా తిట్టుకో. ముసలాడు మోసం చేశాడనుకో. కోపంలో ఉన్న ఆడమనిషికి నిద్ర పట్టగా నేనెప్పుడూ చూళ్ళేదు, కావాలంటే మా ఆవిణ్ణి అడుగు. తిట్లు అయిపోతే మళ్ళీ మొదటినుంచీ మొదలెట్టు. హారను మీద చెయ్యి వేసి ఉంచు, ట్రాక్టరు చప్పుడు వినపడితే నొక్కు.

ఒకవేళ వినపడకపోతే... పోనీలే. అప్పుడు నేనూ ఆ దోవలోనే ఎక్కడో ఉంటాను.

ఆర్డిస్, ఆ వైరు పీకెయ్. నా చేతులాడట్లేదు.