సమీవుల్లా ఊదిన దుమ్ము

నంద్యాల టీవీ మెకానిక్కుల్లో తనకంటే బాగా పని తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారని సమీవుల్లాయే ఒప్పుకుంటాడు. కానీ రిపేరు ఆలస్యమైతే కస్టమరును నవ్వుతూ కూర్చోబెట్టడంలో అతన్ని మించినవాడు లేడు. షాపుకు ఎదురుగా సంజీవయ్య టీకొట్టు, కొట్టు ముందు పొడుగాటి చెక్కబల్ల. బల్లకు పొయ్యి పక్కనున్న కొస సమీవుల్లాది. అక్కడ ఇంకెవరైనా కూర్చుంటే సంజీవయ్యే లేపేస్తాడు. ఆ గౌరవం అతనికి ఒకే ఒక్క కథ వల్ల దక్కింది, ఆళ్ళగడ్డకు పోయి పులి ఆట గెలిచొచ్చిన కథ.

ఎనిమిదేళ్ళ కిందట ఇదే షాపులో సమీవుల్లా రెండు వీడియో గేము పెట్టెలు పెట్టి పిల్లకాయల చేత ఆడించేవాడు. క్యాసెట్టు పెట్టెలో దూర్చాలి, బొమ్మ రాకపోతే బయటికి తీసి దాని అంచున నోటితో గట్టిగా ఊదాలి, మళ్ళీ దూర్చాలి. అప్పట్లో తెలిసిన వైద్యం అదొక్కటే. అంతా బాగా నడుస్తుండగా ఆళ్ళగడ్డలో దేవసహాయం అనే ఆయన కువైట్ నుంచి బామ్మర్ది తెచ్చిన కొత్తరకం పెట్టె పెట్టాడు. దాంట్లో పులి ఆట ఉంది. ఆ ఆట ఆ పెట్టెలో తప్ప ఇంకే పెట్టెలోనూ ఆడదు. ఆదివారం వస్తే నంద్యాల పిల్లలందరూ సమీవుల్లా షాపు ముందునుంచే నడిచిపోయి ఆళ్ళగడ్డ బస్సు ఎక్కేవాళ్ళు. కడుపు మండింది అతనికి. బేరం పోయిందని కాదు, తన పెట్టెలో ఆ పులి లేదని.

ఆ మంట చల్లారిపోయి, షాపు టీవీ రిపేర్లకు మళ్ళి, ఇప్పుడు మిగిలింది కథ. చెప్పబోయే ముందు ఒక్క జాగ్రత్త తీసుకునేవాడు. బల్ల మీద ఉన్నవాళ్ళను ఒకసారి చూసి, “ఆళ్ళగడ్డోళ్ళు ఎవరన్నా ఉండారా?” అని అడిగేవాడు. ఉంటే ఆ పొద్దు వేరే కథ. ఆ ఊరివాళ్ళు ఎవరైనా వింటే తన కొస తనకు ఉండదని అతనికి బాగా తెలుసు.

ఆ రోజు కూడా అడిగాడు. డోన్ నుంచి లోడు తెచ్చి దింపుకుని, లారీ పక్కన పెట్టి టీ తాగుతున్న మారెన్న ఉన్నాడు, సంజీవయ్య ఉన్నాడు, అంతే. మొదలుపెట్టాడు.

“నేనేందో పొడిచేద్దామని పోలేదు మారెన్నా, ఉన్న మాట చెప్తాండా. ఆదివారం, షాపు ఖాళీ, పిల్లకాయలందరూ బస్సెక్కినారు, నేనూ ఎక్కినా. ఊరికే చూసొద్దామని. దేవసహాయం అంగడికి తలుపు లేదు, పరదానే. పరదా ఎత్తి లోపలికి పోతే అందరూ గమ్మున కూచోనుండారు. ఏందప్పా అంటే పెట్టె ఆగిపోయింది. టీవీలో ఏమీ లేదు, నల్లగా ఉండాది. దేవసహాయం తలకాయ పట్టుకోని కూచోనుండాడు. నన్ను చూసి లేచి నిలబడి, సమీవుల్లా, ఇంగ నువ్వే దిక్కు అన్యాడు.”

“నిన్ను ఎట్ల గుర్తుపట్న్యాడు?” అన్నాడు మారెన్న.

“నంద్యాల సమీవుల్లా అంటే తెలీనోడెవరు? చెప్పేది విను. క్యాసెట్టు బయటికి తీసినా. మా క్యాసెట్టు అరచేతంత ఉంటాది, అది ఇటుకరాయంత ఉండాది. రెండు చేతులా పట్టుకోని ఊదినా. పూర్తిగా కాదు, సగం ఊపిరే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

అప్పుడే ఒకామె వచ్చి బల్ల అవతలి కొసన కూర్చుంది. ముప్పై ఏళ్ళు ఉండవు, భుజానికి ఒక సంచి, ఒళ్ళో గుడ్డలో చుట్టిన మూట. సమీవుల్లా షాపు వైపు చూసి, “మెకానిక్ లేడా అన్నా?” అని సంజీవయ్యను అడిగింది. సంజీవయ్య గరిటెతో సమీవుల్లాను చూపించి, “కథ అయిపోనీ అమ్మా, మధ్యలో లేపితే టీవీ కాలిపోతాది” అన్నాడు. ఆమె టీ చెప్పి, మూట ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. కొత్త మనిషి వినడానికి దొరికిందని సమీవుల్లాకు హుషారు వచ్చింది. ఏ ఊరని అడగడం మరిచిపోయాడు.

“దుమ్ము లేచింది అప్పా. పరదా చినిగి ఎదురింటి మిద్దె మీద పడింది. దుమ్ము ఆడ ఆగిందా? రోడ్డెక్కి, నంద్యాల మీదుగా పోయి, నందికొట్కూరు తిరుక్కోని జూపాడు బంగ్లా కాడ తేలింది. ఆడ రైతులు మబ్బు పట్టిందనుకోని ఎండబోసిన మిరపకాయలు బేగా బేగా ఎత్తి ఇంట్లో పెట్టుకున్యారు.”

“ఆ పొద్దు నేను ఆ దావలోనే లోడు తోల్తాంటి. నాకు కనపల్యా” అన్నాడు మారెన్న.

“నీ లారీ అద్దం తుడిచి ఎన్నేండ్లయింది?”

మారెన్న లారీ వైపు తిరిగి చూసి, మళ్ళీ టీ గ్లాసు ఎత్తాడు.

“సరే, క్యాసెట్టు మళ్ళీ దూర్చినా, పులి గాండ్రించింది. ఆ గాండ్రింపు చెవిలో పడితే మనిషి ఉన్నోడు ఉన్నట్టు నిలబడిపోతాడు, అది మాత్రం...” ఇక్కడ సమీవుల్లా గొంతు కాస్త తగ్గింది, ఎప్పుడు చెప్పినా ఇక్కడ తగ్గుతుంది. “అది మాత్రం వినాల్సిందే. నలభై రౌండ్లు. పులి మీద సవారీ చేస్తా మంచుకొండలు దాటాల. ఇరవై ఏడో రౌండు కాడ నా బొటనవేలు అంటుకునింది. చెంబులో నీళ్ళు తెస్తే ముంచినా, నీళ్ళు తెర్లినాయి. ఆ నీళ్ళలోనే టీపొడి వేసి అందరికీ టీ ఇచ్చినారు.”

“పాలు?” అన్నాడు సంజీవయ్య. వృత్తి మాట వస్తే అతను ఊరుకోడు.

“పాలు లేవు, వట్టి టీనే. ముప్పై మూడో రౌండులో ఊరంతా కరెంటు పాయ. ఆట ఆగిందా? ఆగల్యా. వేడి మీద ఉండాది కదా, అట్లే పోతాంది. నలభయ్యో రౌండులో పులికి కోపమొచ్చి టీవీలోంచి తలకాయ బయటికి పెట్టింది, తర్వాత కాళ్ళు, తర్వాత అంతా వచ్చేసింది. పిల్లకాయలు బల్లల కింద దూరినారు. నేను జాయ్‌స్టిక్ వైరే పగ్గం చేసి మెడకేసి ఎక్కి కూచున్యా. అహోబిలం దావ పట్టి నల్లమలకు పోయింది. ఆడ చెంచు పెద్దాయన ఒకాయన దావకు అడ్డమొచ్చి, దాని వీపు తట్టి చూసి, ఇది మా అడవిది కాదప్పా, యాడ తెచ్చినావో ఆడే వదిలిపెట్టు అన్యాడు. న్యాయమే కదా? తోలుకొచ్చి, తోక పట్టి టీవీలోకి తోసి, గెలిచినట్టు అక్షరాలు పడినాకే లేచినా.”

మారెన్న గ్లాసు కింద పెట్టి తృప్తిగా ఊపిరి వదిలాడు. సంజీవయ్య ఈ కథ నూరోసారి విన్నా పొయ్యి మీద పాలు పొంగేదాకా చూసుకోలేదు. అవతలి కొసనుంచి ఆమె మెల్లగా అడిగింది.

“ఆ క్యాసెట్టు ఎంతుంటాది అన్యావన్నా?”

“ఇటుకరాయంత, అమ్మా.”

“దాన్ని పెట్టెలో యాడ దూర్చినావు?”

సమీవుల్లా చేయి గాల్లో ఆగింది. “మీదే ఊరమ్మా?”

“ఆళ్ళగడ్డ” అంటూ ఆమె మూట విప్పింది. బూడిదరంగు పెట్టె. పలచగా, శుభ్రంగా, ఎక్కడా సందు లేకుండా ఉంది. పక్కన మీట నొక్కితే మూత పైకి లేచింది. లోపల గుండ్రటి పళ్ళెం, పళ్ళెంలో మిలమిలా మెరుస్తూ ఒక సీడీ.

“మా నాయన దేవసహాయం. నేను అరుణకుమారి, బడిలో లెక్కలు చెప్తా. ఇదన్నా ఆ పెట్టె. సీడీతో ఆడతాది. క్యాసెట్టే లేదు, ఊదేదేంది?”

ముందు మారెన్న నవ్వాడు. తర్వాత సంజీవయ్య, గరిటె జారిపోయేంతగా. సమీవుల్లా మాత్రం పెట్టెనే చూస్తున్నాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా కన్ను తిప్పుకోలేకపోయాడు. ఎనిమిదేళ్ళుగా రోజూ గెలుస్తున్న ఆ పెట్టెను కళ్ళతో చూడడం అతనికి ఇదే మొదలు.

“నీకు తెల్దు అన్నా, నేను అప్పుడు ఇంటర్ చదువుతాంటి. ఆదివారం నేనే అంగట్లో కూచుండేదాన్ని. మా పరదా పొట్టిది, కింద జానెడు సందు. ఆ సందులోంచి ప్రతి ఆదివారం ఒకే జత చెప్పులు కనపడేవి. అట్లే నిలబడేవి, గంటా రెండు గంటలు. ఒక చెప్పుకు వారు తెగితే ఎర్ర వైరు కట్టింటాది.”

ముగ్గురూ సమీవుల్లా కాళ్ళ వైపు చూశారు. అతనూ చూసుకున్నాడు. చెప్పులు మారాయి గానీ వారు తెగితే వైరు కట్టుకునే అలవాటు మారలేదు. ఎర్ర వైరు అక్కడే ఉంది.

“మా నాయన కనుక్కున్యాడు, నంద్యాల గేములాయనని. ఆయన లోపలికొస్తే ముందు ఆయనకే జాయ్‌స్టిక్ ఇవ్వు పాపా అన్యాడు. పది ఆదివారాలు చూసినా. నువ్వు రాల్యా.”

ఎట్లా పోతాడు? లోపల కూర్చున్నవాళ్ళంతా తన షాపు పిల్లలే. ఓడిపోయిన అంగడివాడు గెలిచిన అంగట్లో వరుసలో కూర్చుంటాడా? అందుకని బయటే నిలబడి విన్నాడు. కథలో నిజమైనది ఆ గాండ్రింపు ఒక్కటే, మిగతాదంతా దాని చుట్టూ అల్లుకున్నాడు. అదంతా ఎలా చెప్పాలో తెలియక, “వినేదానికి బాగుండేది” అన్నాడు. ఆ మాటకు మారెన్న నవ్వు ఆపేశాడు.

“ఇప్పుడు వినపడట్లేదు. తిరుగుతాంది గానీ బొమ్మ రావట్లేదు” అంది అరుణకుమారి. “నాయనకు మోకాళ్ళ నొప్పులు, ఇంట్లోనే ఉండాడు, పులి ఆట కావాలంటాడు. మా ఊర్లోనే రిపేరుకు ఇస్తానంటే ఒప్పుకోల్యా. నంద్యాల సమీవుల్లా కాడికే పో అన్యాడు.”

సమీవుల్లా లేచాడు. షాపులోకి నడిస్తే ముగ్గురూ వెంట వచ్చారు, సంజీవయ్య కూడా పొయ్యి వదిలేసి. స్క్రూలు విప్పి పైభాగం తీశాడు. లోపల సీడీని చదివే చిన్న గాజు కన్ను, దాని మీద బూజులాంటి దుమ్ము. అతను తలెత్తి అందరి ముఖాలూ చూశాడు. వంగి, మెల్లగా, వేడి టీ చల్లార్చుకున్నట్టు ఊదాడు. మెత్తటి గుడ్డతో తుడిచి, టీవీకి వైర్లు తగిలించి మీట వేశాడు. కాసేపు చీకటి. ఆ తర్వాత పులి గాండ్రించింది.

ఈసారి బొమ్మ కూడా ఉంది. తెల్లటి కొండలు, వాటి మీద అతను అనుకున్నంత పెద్దది కాని, అనుకున్నదానికంటే చాలా అందమైన పులి.

“ఆడి చూడంది బాగైందని ఎట్ల తెలుస్తాది?” అని అరుణకుమారి జాయ్‌స్టిక్ అతని చేతిలో పెట్టింది.

సమీవుల్లా పులి మొదటి లోయలోనే పడింది. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ అదే లోయ. మూడోసారి లోయ దాకా కూడా పోలేదు, చెట్టుకు గుద్దుకుంది. మొదటి రౌండు దాటనే లేదు గానీ, అతని ముఖం మాత్రం వెలిగిపోతోంది. చాలాసేపటికి జాయ్‌స్టిక్ తిరిగిచ్చి, “నాయనకు నా సలాం చెప్పమ్మా. చానా బాగుంది” అన్నాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. వచ్చే ఆదివారం ఇంటికొచ్చి నాయనతో ఆడాలని ఆమె మాట తీసుకుంది. ఈసారి పరదా లేదని కూడా చెప్పింది.

ఆమె బస్సుకు వెళ్ళిపోయాక ముగ్గురూ బల్ల దగ్గరికి వచ్చారు. సమీవుల్లా తన కొస వైపు పోకుండా, ఇందాక ఆమె కూర్చున్న అవతలి కొసన సర్దుకుని కూర్చున్నాడు. సంజీవయ్య అది చూశాడు. గ్లాసులో టీ పోసి, తీసుకెళ్ళి ఎప్పటిలాగే పొయ్యి పక్క కొసన పెట్టాడు.

“సమీవుల్లా, ఈ పొద్దు ఊదిన దుమ్ము ఎంత దూరం పోయింటాది?”

సమీవుల్లా గ్లాసు వైపు చూశాడు. లేచి వచ్చి తన చోట కూర్చుని, చేయి పైకెత్తి గాలి ఎటు వీస్తుందో చూశాడు.

“ఎదురుగాలి ఉండాది సంజీవన్నా. ఈ పక్కనున్న పాణ్యం దాటింటే ఎక్కువ.”