కారణం అనే గడి

కాలేజీ మేడ మీద, యాంటెన్నా కింది ఇరుకు గది. ఫోనులో అవతల, చిన్న ఉపగ్రహాల జాబితా రాసే పెద్దాయన. ఇవతల, విద్యార్థులతో ఒక ఉపగ్రహం చేయించిన ఎలక్ట్రానిక్స్ మేడమ్.

“...అదే మేడమ్, మీది పోయినట్టు రాసేయనా?”

“ఒక్క పది నిమిషాలాగండి. ఇప్పుడే నెత్తి మీదకొస్తుంది.”

“పోయినసారీ ఇదే మాటన్నారు.”

“పోయినసారీ వచ్చింది కదా సార్.”

“వచ్చింది. పలికిందా?”

“...మీ జాబితా ఎలా ఉంది ఈ ఏడు?”

“మాట మారుస్తున్నారు. సరే, వినండి. ఎగిరినవి పోయినేటికి రెట్టింపు. కంపెనీలవి బానే పలుకుతున్నాయి. కాలేజీలవే, సగానికి సగం మూగనోము పట్టాయి.”

“అయితే మాదీ ఆ సగంలో కలిసిపోతుందిలెండి.”

“కలిసిపోవడం సరే, జాబితాలో కారణం అని ఓ గడి ఉంది. మీ విద్యార్థిని నాకు ఉత్తరం రాసింది. లోపల తీగలు అతికే సోల్డరింగ్ చేసింది తనేనట. తప్పు తనదేనని రాసుకోమంది.”

“తను... తనే రాసిందా?”

“చదువు మానేసి బట్టల షాపులో చేరిందట. మీకు తెలీదా?”

“నాకెవరు చెప్తారు? పిల్లలంతా వెళ్ళిపోయాక ఈ గదిలో నేనూ, ఈ ఫ్యానూ. ఈ నెలలో నన్ను కదిపి పలకరించింది మీరొక్కరే.”

“నా బతుకూ అంతేలెండి. మా ఇంట్లో ఈ జాబితాని పనికిమాలిన పిచ్చంటారు. ఇంతకీ సోల్డరింగ్ అని రాయనా?”

“వద్దు.”

“పోనీ, తెలీదని రాస్తాను.”

“వద్దు సార్.”

“రెండూ వద్దంటే నేనేం రాయను?”

“బ్యాటరీ తీగ ఊడదీసి పంపిస్తాం కదా. రాకెట్ వాళ్ళకి అప్పగించేముందు మళ్ళీ కలపాలి. అదే ఆఖరి పని.”

“అవును. ఒకరు కలపాలి, ఇంకొకరు చూసి సంతకం పెట్టాలి.”

“పిల్లలు పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. తినిరండి, నేను చూసుకుంటానని పంపేశాను. ముందు కాగితాల పని తెమిలిపోతుందని రెండు సంతకాలూ నేనే పెట్టేశాను. పెట్టేసి, మూత బిగించేశాను.”

“తీగ కలపకుండానా?”

“ఇంటికొచ్చి బ్యాగు సర్దుతుంటే గుర్తొచ్చింది.”

“అయ్యో. అప్పటికే ఎగిరిపోయి ఉంటుంది.”

“లేదు సార్. ఇంకా పదకొండు రోజులుంది.”