పరీక్షకు పెట్టిన ఫోటో

మా వీధిలో నన్ను మిషనక్క అంటారు. వయసు ముప్పై ఆరు, ఇంట్లోనే కుట్టుపని. ఫోటో స్టూడియో ఓనరు గారి ల్యాప్‌టాప్ పాడుచేశానన్న ఫిర్యాదు మీద, ఎవరూ బలవంతపెట్టకుండా పోలీస్ స్టేషన్లో ఈ మాటలు చెబుతున్నాను.

మా ఆయన ఆ స్టూడియోలో కంప్యూటర్ పని చేస్తాడు. కస్టమర్లు తమ ఫోటోలు ఇంటి నుంచే డౌన్‌లోడ్ చేసుకునేలా సైటు తయారుచేస్తున్నాడు. నొక్కితే ఫోటో దిగేది, కానీ తెరుచుకునేది కాదు. శనివారం లోగా బాగుచేయకపోతే ఉద్యోగం ఊడుతుందని ఓనరు గారు చెప్పేశారు.

ఒకరోజు, పని కోసం ఆయన ఇంటికి తెచ్చుకున్న ఆ ల్యాప్‌టాప్‌లో దిగిన ఫైళ్లు చూశాను. అన్నీ ఒకటే ఫోటో. ‘పచ్చ గౌను ఒకటి’, ‘పచ్చ గౌను రెండు’, అలా కిందిదాకా పచ్చ గౌనే. ఏదీ తెరుచుకోలేదు. ముఖం కనపడకపోయేసరికి నాకు ఇంకా మండింది.

“ఎవరది?” అని అడిగాను.

“అబ్బా, ఎవరో పెళ్లికూతురి చెల్లెలే! అన్నిటికన్నా పెద్ద ఫైలు. అది తెరుచుకుంటే అన్నీ తెరుచుకుంటాయి” అన్నాడు.

శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు నేను చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. పక్క గదిలోంచి కేక వినిపించింది. “వచ్చేసింది! అబ్బ, ఎంత బాగా వచ్చిందో!” పెళ్లయి పన్నెండేళ్లు, నన్ను చూసి ఏనాడూ అలా అరవలేదు. వెళ్లి చూస్తే తెర నిండా ఆమె, పచ్చ గౌనులో నవ్వుతూ. బాగుంది, అబద్ధం ఎందుకు. ఇస్త్రీకి పెట్టుకున్న మగ్గు నీళ్లు మీటల మీద పోసేశాను. తెర ఆరిపోయింది. మా ఆయన తల పట్టుకుని నేల మీద కూర్చున్నాడు.

మీరు అనుమానం అని రాశారు. అనుమానం కాదు సార్, కుళ్లు. అదే రాయండి.

ఫోటోను పంపడానికి ఆయన కంప్యూటర్‌లో రాసిన స్క్రిప్టు మొదట్లో ఒక ఖాళీ వరుస ఉండిపోయిందట. ఫోటో కన్నా ముందు అది వెళ్లి ఫోటోను చెడగొట్టేదట. మా ఆయన దాన్ని తీసేశాడు, స్టూడియోకి పంపేలోపే నేను నీళ్లు పోశాను. ఓనరు గారు ఇప్పుడు ఆయన్ని గుమ్మం తొక్కనివ్వడం లేదు, మాట నమ్మడం లేదు. అందుకే ఇక్కడ రాయిస్తున్నాను. స్టూడియోలో ఉన్న స్క్రిప్టులో మొదటి ఖాళీ వరుస తీసి, మీ ఎదుటే నొక్కి చూడమనండి. ఫోటో తెరుచుకుంటే ఆయన ఉద్యోగం ఆయనకివ్వాలి. కేసు నా మీదే ఉండనివ్వండి.

నొక్కేటప్పుడు నా ఫోటో నొక్కండి. స్టూడియో తెరిచిన రోజు తీసింది, అదీ ఆ సైటులోనే ఉంది. మా ఆయన దాన్ని ఒక్కసారి కూడా దింపలేదు.

చదివి వినిపించారు, విన్నాను. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, అంతా నిజం.

(సంతకం)
మిషనక్క